తొంభై ఏళ్ల ఒంటికి ఏ పరీక్ష, ఎంతవరకు?

85, 90 ఏళ్లు పైబడిన మనిషికి వైద్య పరీక్ష చేయించడమంటే నడివయసు మనిషికి చేయించినట్టు కాదు. 40 ఏళ్ల మనిషి పొద్దున్నే ల్యాబుకు వెళ్లి, రక్తం ఇచ్చి, సూది గుచ్చిన చోట దూది అదిమిపెట్టుకుని, దారిలో టిఫిన్ తిని ఆఫీసుకు పోతాడు. 90 ఏళ్ల తల్లికి అదే రక్త పరీక్ష ఒక పూట పని. పరగడుపున లేపాలి, చీర మార్చాలి, మెట్లు దింపాలి, ఆటోలోనో కారులోనో ఎక్కించాలి. తీరా వెళ్లాక నరం దొరకదు. ఈ చేతికి రెండుసార్లు గుచ్చి, ఆ చేతికి మళ్లీ గుచ్చుతారు. చర్మం ఉల్లిపొరలా పలచబడి ఉంటుంది కనుక మర్నాటికి మోచేతి దగ్గర నల్లగా కమిలిపోయి, ఆ మచ్చ వారం పది రోజులైనా పోదు. ఇంత శ్రమ పడ్డాక చేతికొచ్చే కాగితం ఆమెకు ఏం మేలు చేస్తుందన్నది పరీక్ష రాసినప్పుడే తేల్చుకోవాలి. రిపోర్టులో అంకె ఎలా ఉన్నా వాడే మందు మారదు, తినే తిండి మారదు, చేసే సేవ మారదు అనుకుంటే ఆ పరీక్షతో పని లేదు. మారేది ఏదైనా ఉంటే, ఆ మార్పు ఆమె కోరుకునేదే అయితే, శ్రమ పడైనా చేయించాల్సిందే. పెద్దవాళ్ల పరీక్షల విషయంలో మిగతా లెక్కలన్నీ దీని వెనకే వస్తాయి.

పరీక్షలన్నీ ఒకే కోవకు చెందవు. ఒంట్లో ఏ బాధా లేనప్పుడు, లోపల ఏదైనా జబ్బు దాగి ఉందేమోనని వెతికేవి కొన్ని. వీటిని డాక్టర్లు స్క్రీనింగ్ అంటారు. ఏదో బాధ ఉండి, దానికి కారణం పట్టుకోవడానికి చేసేవి ఇంకొన్ని. ఉన్న జబ్బు ఏ స్థితిలో ఉంది, వేసుకునే మందు ఒంటికి పడుతోందా లేదా అని అప్పుడప్పుడు చూసుకునేవి మరికొన్ని. పెద్ద వయసులో ఈ మూడింటి విలువ ఒకలా ఉండదు. మొదటి రకం విలువ వయసు మీదపడే కొద్దీ తరిగిపోతుంది. రెండో రకం విలువ పెరుగుతుంది. మూడో రకాన్ని పూర్తిగా మానకూడదు, వెనకటి లెక్కనే కొనసాగించనూ కూడదు.

స్క్రీనింగ్ వల్ల మేలు వెంటనే దక్కదు. పెద్దపేగు క్యాన్సర్ చిన్న కండలా మొదలై ప్రాణం మీదికి తేవడానికి ఏళ్లు పడుతుంది. ముందుగా పట్టుకున్నందువల్ల లాభం కూడా ఆ ఏళ్లు గడిచాకే తెలుస్తుంది. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్ల కోసం 1,000 మందిని పరీక్షిస్తే, అందులో ఒక మరణం తప్పడానికి సుమారు 10 ఏళ్లు పడుతుంది. పరీక్షలో ఉన్న ఇబ్బంది, ప్రమాదం మాత్రం ఆ రోజే ఎదురవుతాయి. అమెరికాలో నివారణ వైద్యం మీద సిఫారసులు చేసే నిపుణుల బృందం, యూఎస్ ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్, ఈ కారణంతోనే వయసు హద్దులు పెట్టింది. 70 ఏళ్లు దాటిన మగవారికి ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం పీఎస్ఏ రక్త పరీక్ష వద్దని 2018లో చెప్పింది. పెద్దపేగు పరీక్ష 75 ఏళ్ల వరకు అందరికీ, 76 నుంచి 85 వరకు మనిషిని బట్టి, 85 తర్వాత ఆపేయమని 2021లో చెప్పింది.

ప్రోస్టేట్ విషయం కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన దగ్గర ప్యాకేజీల్లో ఈ పరీక్ష తరచుగా ఉంటుంది. వేరే కారణాలతో చనిపోయిన 80 ఏళ్లు పైబడిన మగవారి శరీరాలను పరీక్షించినప్పుడు సగం మందికి పైగా ప్రోస్టేట్‌లో క్యాన్సర్ కణాలు కనిపించాయి. బతికున్నంతకాలం అది వాళ్లను బాధపెట్టలేదు, ఉందన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు. అలాంటి దాన్ని 88 ఏళ్ల మనిషిలో వెతికి పట్టుకుంటే తర్వాత జరిగేది బయాప్సీ, స్కాన్, హార్మోన్ ఇంజెక్షన్లు, వాటి వల్ల ఎముకలు గుల్లబారడం, వీటన్నిటికీ మించి ఇంట్లో అందరి నోటా క్యాన్సర్ అన్న మాట. మూత్రం ఆగిపోతోందనో, నడుం ఎముకలో విడవని నొప్పి ఉందనో అదే పరీక్ష చేస్తే అది వేరే సంగతి. అప్పుడది స్క్రీనింగ్ కాదు, బాధకు కారణం వెతకడం.

మాస్టర్ హెల్త్ చెకప్ పేరిట 60, 70 పరీక్షలు ఒకే ధరకు చేసే ప్యాకేజీలు తల్లిదండ్రులకు కానుకగా ఇవ్వడం ఇప్పుడు మామూలైంది. ప్రేమతో ఇచ్చేదే అయినా ఇందులో ఒక చిక్కుంది. ల్యాబులు చాలా పరీక్షలకు మామూలు పరిధి అని వేసే అంకెలు, ఆరోగ్యంగా ఉన్నవారిలో 95 శాతం మందికి సరిపోయేలా గీసిన గీతలు. అంటే ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఒక పరీక్షలో 20కి ఒక వంతు అవకాశం గీత దాటడానికి ఉంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేస్తే, కనీసం ఒకటైనా గీత దాటే అవకాశం 64 శాతం. 60 పరీక్షలు చేస్తే రిపోర్టులో ఏదో ఒకటి నల్లగా, దళసరి అక్షరాల్లో రాకుండా ఉండటమే అరుదు. ఆ ఒక్క అంకె కోసం మళ్లీ రక్తం, మళ్లీ స్కానింగ్, మళ్లీ ఒక స్పెషలిస్టు.

స్కానింగులదీ ఇదే వరస. 80 ఏళ్ల వయసులో, నడుం నొప్పి అన్నదే లేనివారికి ఎంఆర్‌ఐ తీసినా 96 శాతం మందిలో వెన్నుపూసల మధ్య డిస్కులు అరిగి కనిపిస్తాయని, 84 శాతం మందిలో అవి ఉబ్బి కనిపిస్తాయని 2015లో ప్రచురితమైన ఒక సమీక్షలో తేలింది. థైరాయిడ్‌లో గడ్డలు, కిడ్నీలో నీటి తిత్తులు, కాలేయం మీద మచ్చలు ఆ వయసులో తలలో నెరిసిన వెంట్రుకలంత మామూలు. వాటిలో చాలావాటి జోలికి పోనక్కర్లేదు. కానీ రిపోర్టు చివర మరో పరీక్షతో సరిచూసుకోమని ఒక వాక్యం పడిందంటే, దాన్ని పట్టించుకోకుండా వదిలేసే ధైర్యం కొడుక్కూ ఉండదు, డాక్టరుకూ ఉండదు. ఆ ధైర్యం చేయాల్సింది స్కాన్ రాయకముందే.

పరీక్ష పేరు వినడానికి చిన్నదిగా ఉన్నా, మనిషి పడే అవస్థ ఎంతో పెద్దవయసువారి కొలనోస్కోపీలో తెలుస్తుంది. గొట్టం వేసి చూసేది అరగంటే, అదీ మత్తులో. అసలు కష్టం ముందురోజుది. పేగు పూర్తిగా ఖాళీ కావాలి కనుక అన్నం మాన్పించి ద్రవాలే ఇస్తారు. సాయంత్రం నుంచి పొడి కలిపిన ఉప్పటి నీళ్లు లీటర్ల కొద్దీ తాగాలి. మామూలు రోజుల్లో గ్లాసు మజ్జిగ తాగడానికే బతిమాలించుకునే మనిషి ఆ నీళ్లు తాగాలి. రాత్రంతా పదిసార్లు, పదిహేనుసార్లు బాత్రూముకు పరుగు. కర్ర పట్టుకుని నడిచే మనిషి చీకట్లో తడి నేల మీద అన్నిసార్లు నడవడమంటే తుంటి ఎముక పందెం కాయడమే. అందుకోలేక పక్కలో అయితే, ఇన్నేళ్లు ఒకరి చేత చేయించుకోని మనిషికి అది చచ్చేంత చిన్నతనం. ఒంట్లో నీరు, సోడియం, పొటాషియం తారుమారవుతాయి. గుండెజబ్బుకు, షుగరుకు వాడే మందులు ఆపాలా వేయాలా అన్న గందరగోళం ఒకటి. మలంలో రక్తం విడవకుండా పోతూ, మనిషి పాలిపోయి, రక్తం ఎక్కించాల్సిన పరిస్థితి వస్తే ఇంత శ్రమకూ అర్థం ఉండవచ్చు. పదేళ్ల కిందట ఒక చిన్న కండ తీశారు, మళ్లీ చూసుకోమన్నారు అన్న ఒక్క కారణానికైతే లేదు.

పరీక్షల కోసం ఆసుపత్రిలో చేర్పించడం ఇంకో ప్రమాదం తెస్తుంది. ఇంట్లో శుభ్రంగా పేపరు చదువుకుంటూ ఉన్న పెద్దాయన, చేరిన రెండో రాత్రికి కూతుర్ని గుర్తుపట్టరు. గోడ మీద ఎవరో ఉన్నారంటారు, సెలైన్ సూది పీకేసుకుని ఇంటికి పోదామని మంచం దిగుతారు. దీన్ని డెలిరియం అంటారు. కొత్త చోటు, రాత్రంతా వెలిగే లైట్లు, నిద్ర లేకపోవడం, నిద్రమాత్రలు, మూత్రం గొట్టం, నొప్పి, మలబద్ధకం, ఇవన్నీ కలిసి తెచ్చేది. చాలామంది కోలుకుంటారు కానీ కొందరు పూర్తిగా మునుపటి మనిషి కారు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ షారన్ ఇనౌయె బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో, 70 ఏళ్లు దాటిన రోగులకు కళ్లజోడు, వినికిడి యంత్రం దగ్గరుంచడం, రోజూ నడిపించడం, నీళ్లు తాగించడం, మందు లేకుండా నిద్రపుచ్చడం, ఈ రోజు ఏ వారమో ఎక్కడున్నారో చెబుతూ ఉండటం లాంటి పనులతో డెలిరియం 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గింది. ఇందులో ఖరీదైనది ఒక్కటీ లేదు. చేర్పించక తప్పనప్పుడు ఇంటివాళ్లు సంచిలో మొదట పెట్టాల్సినవి పాత రిపోర్టుల ఫైలుతో పాటు కళ్లజోడు, కట్టుడు పళ్లు, చెవి యంత్రం.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి పెద్దవయసులో పరీక్షలే వద్దనుకుంటే అది అంతకంటే పెద్ద పొరపాటు. ఇంత వయసొచ్చాక ఏదో ఒకటి ఉండకుండా ఎలా ఉంటుందన్న మాట కింద, తేలిగ్గా నయమయ్యే జబ్బులెన్నో పడి ఉంటాయి. పైగా ముసలి ఒంట్లో జబ్బు తన మామూలు లక్షణాలతో బయటపడదు. న్యుమోనియా ఉన్నా జ్వరం రాకపోవచ్చు. గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి ఉండకపోవచ్చు, ఆయాసమో, నీరసమో, మాటల్లో తేడాయో మాత్రమే కనిపించవచ్చు. నిన్నటిదాకా నడిచిన మనిషి ఇవాళ లేవలేకపోతున్నా, రెండు రోజులుగా అన్నం ముట్టకపోయినా, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతున్నా దాన్ని వయసు ఖాతాలో రాయకూడదు. వయసు ఒక్క రాత్రిలో రాదు. నెమ్మదిగా వచ్చే మార్పు ఒకటి, రెండు మూడు రోజుల్లో వచ్చిన మార్పు మరొకటి. రెండోది కనిపిస్తే పరీక్ష చేయించాలి, అదీ ఆలస్యం లేకుండా.

అలాంటప్పుడు పనికొచ్చే పరీక్షలు చాలావరకు చిన్నవే. ఒక్కసారి తీసిన రక్తంతో హిమోగ్లోబిన్, సోడియం, పొటాషియం, క్రియాటినిన్, షుగరు తెలిసిపోతాయి. బీపీకి వాడే కొన్ని మూత్రం మాత్రల వల్ల, కొన్ని మానసిక ఔషధాల వల్ల సోడియం పడిపోయి మనిషి మగతగా, అయోమయంగా మారడం పెద్దవాళ్లలో తరచుగా జరుగుతుంది. మందు మారిస్తే తేరుకుంటారు. థైరాయిడ్ మందగించడం, బీ12 విటమిన్ తగ్గడం కూడా మతిమరుపులా, నిస్సత్తువలా కనిపిస్తాయి. డాక్టరు పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూస్తే, మూత్రం నిండిపోయి రాక బాధపడుతున్నారో, మలం గట్టిపడి అడ్డుపడిందో చాలాసార్లు అక్కడే తెలుస్తుంది. మూడు వారాల కిందట బాత్రూములో తూలి తల గోడకు తగిలింది, అప్పుడేమీ కాలేదు, ఇప్పుడు నిద్రమత్తుగా ఉంటున్నారు అంటే తలకు సీటీ స్కాన్ తీయించడంలో వెనకాడకూడదు. పుర్రె లోపల మెల్లగా చేరిన రక్తాన్ని చిన్న రంధ్రం చేసి తీసేస్తే 90 ఏళ్ల మనిషి కూడా లేచి కూర్చునే అవకాశం ఉంది. స్కాన్ తీసేది కొన్ని నిమిషాలే.

సుఖం కోసమే చేయించాల్సిన పరీక్షలు, చికిత్సలు కూడా ఉన్నాయి. చెవిలో గులిమి తీయిస్తే మనవడి మాట వినిపిస్తుంది. శుక్లాలు తీయిస్తే తన కంచంలో ఏముందో తనకే కనిపిస్తుంది. దీనికి 90 ఏళ్లు అడ్డు కాదు. తుంటి ఎముక విరిగినప్పుడు, ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు, మంచంలోనే ఉంచుదాం అనుకోవడం దయలా కనిపిస్తుంది. ఆపరేషన్ చేయకుండా వదిలేస్తే పక్క తిప్పిన ప్రతిసారీ నొప్పి, పడక పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము. మత్తు తట్టుకోగలిగిన మనిషికి ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి కూర్చోబెట్టడమే చాలా సందర్భాల్లో నొప్పి తగ్గించే మార్గం. బీపీ విషయంలోనూ వయసైపోయిందని మందు మానేయడం తప్పని 2008లో వెలువడిన హైవెట్ అధ్యయనం చూపింది. 80 ఏళ్లు పైబడిన 3,845 మందిలో బీపీని 150/80కి తేవాలని మందులిస్తే మరణాలు 21 శాతం తగ్గాయి. అయితే వాళ్లు ఆ వయసులో కాస్త గట్టిగా ఉన్న మనుషులు. లేచి నిలబడితే కళ్లు తిరిగే మనిషికి అదే లెక్క వర్తించదు. కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడటం పైసా ఖర్చులేని పరీక్ష. చేసేవాళ్లు తక్కువ.

మూత్ర పరీక్ష గురించి ఒక మాట. వయసు మళ్లిన ఆడవాళ్లలో ఏ బాధా లేకుండానే మూత్రంలో క్రిములు ఉండటం మామూలు. వృద్ధాశ్రమాల్లో ఉండే స్త్రీలలో ఇది 25 నుంచి 50 శాతం వరకు ఉంటుంది. మంట, జ్వరం, పొత్తికడుపులో నొప్పి లేకుండా కల్చర్ పరీక్షలో క్రిమి వచ్చిందని యాంటీబయాటిక్ వాడితే ఒరిగేదేమీ లేదు. నోరు చేదెక్కి ఉన్న కాస్త ఆకలీ పోతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముందుముందు అసలు అవసరమైనప్పుడు ఆ మందు పనిచేయకుండా పోతుంది. అనవసర పరీక్షలు, చికిత్సలు తగ్గించాలని 2012లో అమెరికాలో మొదలైన చూజింగ్ వైజ్లీ ఉద్యమంలో అక్కడి వృద్ధుల వైద్యుల సంఘం ఇచ్చిన సలహాల్లో ఇదొకటి.

ఆ సంఘమే షుగరు గురించి ఇచ్చిన సలహా తెలుగు ఇళ్లకు ఇంకా దగ్గరిది. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో 7 నుంచి 7.5 మధ్య, అనేక జబ్బులుండి ఆయుష్షు తక్కువగా ఉన్నవారిలో 8 నుంచి 9 మధ్య ఉన్నా సరిపోతుందన్నది దాని సారాంశం. షుగరు పెరిగితే నష్టం ఏళ్ల మీద జరుగుతుంది, పడిపోతే నష్టం గంటలో జరుగుతుంది. తెల్లవారుజామున షుగరు పడిపోయి, చెమటలు పట్టి, తూలి పడే ప్రమాదం 90 ఏళ్ల మనిషికి ఎక్కువ. అయినా ఎన్నో ఇళ్లలో రోజుకు మూడుసార్లు వేలు గుచ్చి, 160 ఉంటే మామిడిపండు ముక్క కూడా దూరం పెడతారు. వేసవిలో ఒక రసం మామిడిపండు తినే సుఖాన్ని అంత తేలిగ్గా లాగేసుకోకూడదు. ఇన్సులిన్ లేకుండా, షుగరును బాగా పడేసే మాత్రలు లేకుండా నిలకడగా ఉన్న మనిషికి రోజూ వేలు గుచ్చే అవసరం ఉండదు. ఎన్నాళ్లకోసారి చూడాలో డాక్టరుతో మాట్లాడి తగ్గించుకోవచ్చు.

కొన్ని పరీక్షలను పుట్టించేది జబ్బు కాదు, మందు. బీపీకి ఆమ్లోడిపిన్ మాత్ర మొదలుపెడతారు. కొన్ని వారాలకు చీలమండల దగ్గర నీరు చేరుతుంది. ఇది ఆ మాత్ర చేసే పనే. కానీ కాళ్లకు నీరు పట్టిందనగానే గుండె బలహీనపడిందేమోనని టూడీ ఎకో, కిడ్నీల కోసం రక్త పరీక్ష, కడుపు స్కానింగ్ రాస్తారు. నీరు తగ్గడానికి మూత్రం మాత్ర ఇస్తారు. ఆ మాత్రతో రాత్రి నాలుగుసార్లు లేవాలి, పొటాషియం తగ్గుతుంది, దానికి మళ్లీ రక్త పరీక్ష, పొటాషియం సిరప్పు. సిరప్పుతో కడుపులో మంట, దానికి ఇంకో మాత్ర. మొదటి మాత్ర మార్చి ఉంటే ఇదంతా జరిగేది కాదు. అందుకే కొత్త పరీక్షకు ముందు మందుల డబ్బా మొత్తం డాక్టరు బల్ల మీద బోర్లించడం మంచిది, నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు, ఆయుర్వేద చూర్ణాలతో సహా. వృద్ధులకు పడని మందుల జాబితాను అమెరికన్ వైద్యుడు మార్క్ బీర్స్ 1991లో మొదటిసారి కూర్చారు. తర్వాత ఇతరులు దాన్ని సవరిస్తూ వచ్చారు, 2023లోనూ సవరించారు. తూలి పడటానికి, మతి తప్పడానికి కారణమయ్యే సాధారణ మందులు అందులో చాలా ఉన్నాయి.

ఎవరికి ఎంతవరకు అన్నది వయసు అంకెతో తేలదు. 88 ఏళ్లకు పొలం గట్టు మీద నడిచి వచ్చే రైతు ఒకరు, అదే వయసుకు మంచం మీదే అన్నీ జరిగే మనిషి ఇంకొకరు. కెనడాలోని హాలిఫాక్స్ నగరంలో డాక్టర్ కెన్నెత్ రాక్‌వుడ్ బృందం 2005లో తయారుచేసిన కొలమానం ఈ తేడాను అంచనా వేయడానికి ఉపయోగపడుతుంది. ఇప్పుడది 9 మెట్లుగా ఉంది. ఒకటో మెట్టు బలంగా తిరుగుతున్న మనిషి, తొమ్మిదోది అంతిమ దశలో ఉన్న మనిషి. దీనికి యంత్రమేమీ అక్కర్లేదు. రెండు వారాల కిందట ఈ మనిషి తానుగా స్నానం చేశారా, బజారుకు వెళ్లారా, మందులు తానే వేసుకున్నారా అని అడిగితే చాలు. మొదటి మెట్లలో ఉన్నవారికి అవసరమైన పెద్ద పరీక్షలకూ వెనకాడక్కర్లేదు. చివరి మెట్లకు వచ్చిన కొద్దీ, బాధ తగ్గించేదైతే తప్ప పరీక్ష వద్దనుకోవడం సబబు.

డాక్టరును అడగడం అవిధేయత కాదు. ఈ పరీక్షలో ఏం తేలితే ఏం చేస్తారు, ఆ చేసేది మా అమ్మ తట్టుకోగలదా, చేయించకుండా రెండు వారాలు చూస్తే ఏమవుతుంది, ఇంతకంటే తేలికైన పరీక్ష ఉందా అని అడిగితే మంచి డాక్టరు సంతోషంగానే చెబుతారు. క్యాన్సర్ అని తేలినా కీమో వద్దు, ఆపరేషన్ వద్దు అని ఇంటిల్లిపాదీ ముందే అనుకున్నప్పుడు బయాప్సీ దేనికన్నది న్యాయమైన ప్రశ్న. దానికి ఒక్కోసారి సరైన జవాబూ ఉంటుంది. జబ్బు పేరు తెలిస్తే నొప్పి మందు సరిగ్గా ఎంచుకోవచ్చని, లేదా రోజుకొక మాత్రతో అదుపులో ఉండే రకమేమో తెలుస్తుందని డాక్టరు చెప్పవచ్చు. ఆ జవాబు విన్నాక నిర్ణయించుకోవడం వేరు, చీటీ మీద రాశారు కనుక చేయించడం వేరు.

ఈ సంభాషణలో తరచుగా లేనిది ఆ పెద్దమనిషే. డాక్టరు కొడుకును బయటికి పిలిచి వరండాలో మాట్లాడతారు. లోపల మంచం మీద ఉన్నవారికి, ఏమీ లేదు నాన్నా, చిన్న పరీక్షే అని చెబుతారు. ప్రేమ కొద్దీ చేసే పనే, అయినా అది వారి ఒంటి మీద వారికున్న హక్కును తీసేయడం. తన ఊళ్లో, తన మంచం మీద ఉండాలనుకుంటున్నారా, మనవరాలి పెళ్లి చూడటానికి ఎంత కష్టమైనా పడతానంటున్నారా, నొప్పి లేకపోతే చాలంటున్నారా అన్నది అడిగితేనే తెలుస్తుంది. వినపడదనుకుంటే ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, చెవి యంత్రం పెట్టి అడగాలి. మతిమరుపు ముదిరిన వారి విషయంలో, మనసు బాగున్న రోజుల్లో వారు ఏమనేవారో గుర్తు చేసుకోవాలి. సూది చూడగానే చెయ్యి లాక్కుంటే అదీ ఒక జవాబే.

కుటుంబంలో అభిప్రాయాలు ఒకటిగా ఉండవు. రోజూ దగ్గరుండి స్నానం చేయించే కోడలికి ఏ పరీక్ష ఎంత కష్టమో తెలుసు. డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉన్న కొడుకుకు వాట్సాప్‌లో వచ్చే రిపోర్టు తప్ప ఇంకేమీ కనిపించదు. దూరంగా ఉన్నందుకు మనసులో ఉండే బాధ, ఏ ఒక్కటీ వదలకుండా అన్నీ చేయించండి అన్న మాటగా బయటికొస్తుంది. దూరాన ఉన్న సంతానం వచ్చి, అప్పటిదాకా అనుకున్నదంతా తిరగరాయించే తీరును వైద్యులు 1991లోనే ఒక వైద్య పత్రికలో వర్ణించారు. తెలుగు కుటుంబాలకు అది ఇప్పుడు ఇంటింటి సంగతి. ఆ కొడుకుకు రిపోర్టు పంపడం కంటే వీడియో కాల్‌లో నాన్న అన్నం తినేటప్పుడు, లేచి నడిచేటప్పుడు చూపించడం మేలు. డాక్టరుతో మాట్లాడే బాధ్యత ఒకరికే అప్పగించి, మిగతావారు వారి ద్వారా తెలుసుకుంటే గొడవలు తగ్గుతాయి.

ఖర్చు సంగతి చూస్తే, 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ భారత్ వర్తింపును కేంద్రం 2024 అక్టోబర్ 29న ప్రారంభించింది. ఇది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి వైద్యానికి. కార్డు ఉంది కదా అని పరీక్షల కోసమే చేర్పించడం ఆ వయసులో కలిసొచ్చే బేరం కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సీనియర్ సిటిజన్లకు వేరే క్యూ ఉండాలని 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. అడిగి తీసుకోవాల్సిన హక్కు అది.

చేయించక తప్పని పరీక్షను కాస్త సుఖంగా చేయించే మార్గాలున్నాయి. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే సదుపాయం ఇప్పుడు చాలా పట్టణాల్లో ఉంది, ఈసీజీ కూడా ఇంటి దగ్గరే తీయవచ్చు. ఇద్దరు డాక్టర్లు వేర్వేరుగా రాసిన పరీక్షలను కలిపి ఒకే సూదితో తీయించవచ్చు. నీళ్లపై కట్టడి లేనివారికి ముందురోజు నుంచి నీళ్లు బాగా తాగించి, గోరువెచ్చని గుడ్డ చేతికి చుట్టి ఉంచితే నరం తేలుతుంది. రెక్కలున్న సన్నని సూది అడగాలి. హిమోగ్లోబిన్, క్రియాటినిన్, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ పరీక్షలకు పరగడుపున ఉండాల్సిన పని లేదు. అవసరం లేని పస్తు షుగరు మందు వేసుకునేవారికి ప్రమాదం. రంగు మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్ ముందు క్రియాటినిన్ ఒక్కటే చూస్తే సరిపోదు. కండ కరిగిపోయిన ఒంట్లో కిడ్నీలు మందగించినా క్రియాటినిన్ మామూలుగానే కనిపిస్తుంది, వయసుతో కలిపి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ చూడమనాలి.

పరీక్షలు తగ్గించడమంటే వైద్యం ఆపేయడం కాదు. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, దిగులు తగ్గించడం అంతే శ్రద్ధతో చేయాల్సిన వైద్యం. దాన్నే ఉపశమన వైద్యం, పాలియేటివ్ కేర్ అంటారు. 1967లో లండన్‌లో డాక్టర్ సిసిలీ సాండర్స్ స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌తో ఇది ఒక శాస్త్రంగా నిలబడింది. కేరళలో 1993లో కాలికట్‌లో మొదలైన సంస్థ దీన్ని ఊళ్లలోకి, ఇళ్లలోకి తీసుకెళ్లింది. 2010లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు మొదటి నుంచీ ఈ వైద్యం కలిపి ఇస్తే, వారు తక్కువ బాధతో, సగటున 8.9 నెలలకు బదులు 11.6 నెలలు జీవించారు. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది, తెలంగాణ జిల్లాల్లోనూ ప్రభుత్వ కేంద్రాలు ఏర్పడ్డాయి. నొప్పికి మార్ఫిన్ దొరకడంలో ఉన్న లైసెన్సుల చిక్కును 2014లో చట్ట సవరణ కొంత సడలించింది. ఆయాసానికి, తీవ్రమైన నొప్పికి తగిన మోతాదులో ఇచ్చే మార్ఫిన్ ప్రాణం తీయదు. ఆ భయంతో నొప్పిని భరించమనడం అన్యాయం.

చివరి వారాల్లో పరీక్షల అవసరం దాదాపు ఉండదు. మతిమరుపు పూర్తిగా ముదిరి మింగలేని స్థితిలో ముక్కులో గొట్టం వేసినా ఆయుష్షు పెరుగుతుందనడానికి ఆధారం లేదు. చేతులు కట్టేయాల్సి రావచ్చు. చెంచాతో, తాగినంత, తిన్నంత పెట్టడమే వృద్ధుల వైద్యులు సూచించేది. ఆ దశలో రోజూ రక్తం తీయడం, గంటకోసారి బీపీ చూడటం ఆపమని అడగవచ్చు. ఆపకూడనివి పెదాలు తడపడం, నోరు శుభ్రం చేయడం, రెండు గంటలకోసారి పక్క తిప్పడం, నొప్పి మందు వేళకు ఇవ్వడం.

ఆ దశలో ఏ చికిత్సలు వద్దో ముందుగా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో 2018 మార్చి 9న గుర్తించింది. కోలుకునే ఆశ లేని స్థితిలో, తనకు తాను నిర్ణయించుకోలేనప్పుడు, వెంటిలేటర్ లాంటి చికిత్సలు వద్దని ఎవరైనా మతి స్థిరంగా ఉండగా పత్రం రాసుకోవచ్చు. మొదట దీనికి మేజిస్ట్రేట్ సంతకం కావాల్సి ఉండేది. 2023 జనవరిలో ఆ నిబంధన సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల సంతకాలతో పాటు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. తన తరఫున మాట్లాడాల్సిన దగ్గరివారి పేర్లు అందులో రాయాలి. ఆ పరిస్థితి వచ్చినప్పుడు ఆసుపత్రిలోని వైద్యుల బోర్డు, ఆ తర్వాత రెండో బోర్డు పరిశీలించి, వీలైనంతవరకు ఒక్కొక్కటి 48 గంటల్లో అభిప్రాయం చెబుతాయి. పత్రం ప్రతి ఒకటి ఫ్యామిలీ డాక్టరు దగ్గర, ఒకటి పేరు రాసిన బంధువు దగ్గర, ఒకటి మునిసిపాలిటీ లేదా పంచాయతీ అధికారి దగ్గర ఉండాలి. రాసినవారు దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు, అదీ రాతపూర్వకంగానే.